సీడీలు పారేయకండి: ‘320 చాలు’ అన్న సందేశానికి జవాబు

చెన్నైలో తెలుగువాళ్ల సంగీతం గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ఇంట్లో ఉన్న ఆడియో సీడీలన్నిటినీ 320 కేబీపీఎస్ (సెకనుకు 320 కిలోబిట్లు) ఎంపీ3లుగా మార్చుకోండి, 320 అంటే సీడీ నాణ్యతే. ఫ్లాక్ (సైజు తగ్గించి దాచే ఇంకో ఆడియో ఫైలు రకం) కూడా కుదింపే కాబట్టి అందులోనూ ఎంతోకొంత పోతుంది. అంత పట్టింపు ఉంటే వేవ్ (కుదించని ఫైలు) పెట్టుకోండి, లేదా 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్‌కి పెంచి రిప్ చేయండి (సీడీలోని పాటలను కంప్యూటర్‌లోకి ఫైళ్లుగా తీసుకోండి). ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఒకటే, ఎర్రర్ రాలేదంటే సరిగ్గా వచ్చినట్టే. వాల్యూమ్ అన్ని పాటలకూ సమం చేసేయండి. పనయ్యాక సీడీలు పారేయండి.

ఆ చివరి వాక్యం లేకపోతే దీన్ని పట్టించుకోనక్కర్లేదు. కానీ మైలాపూర్‌లోనో టి.నగర్‌లోనో ఇల్లు మారేటప్పుడు అట్టపెట్టెల్లోకి చేరే సీడీల్లో చాలా భాగం సినిమా పాటలవి కావు. చిన్న సంస్థలు వేసిన డిసెంబరు కచేరీలు, సభలవాళ్లు సభ్యుల కోసం తీసిన రికార్డింగులు, ఇంట్లోవాళ్ల అరంగేట్రాలు. వాటిలో ఎన్నో ఏ స్ట్రీమింగ్ యాప్‌లోనూ లేవు. పారేస్తే మళ్లీ దొరకవు.

మొదట ‘320 అంటే సీడీయే’ అన్న మాట చూద్దాం. సీడీలో సెకనుకు 44,100 శాంపిళ్లు (శబ్దం కొలతలు), ఒక్కోటి 16 బిట్లు, రెండు ఛానెళ్లు. హెచ్చవేస్తే సెకనుకు 1,411 కిలోబిట్లు. 320 అందులో నాలుగో వంతు కూడా కాదు. మిగిలినదాంట్లో చెవికి అందదని లెక్కగట్టినదాన్ని ఎన్‌కోడర్ (ఎంపీ3 తయారుచేసే ప్రోగ్రాం) తీసి అవతల పడేస్తుంది. ఆ లెక్క బాగా పనిచేస్తుందన్నది నిజమే. ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తే, మంచి ఎన్‌కోడర్‌తో చేసిన 320నీ సీడీనీ వేరు చేసి చెప్పగలిగేవాళ్లు చాలా తక్కువ. సందేశంలో ‘వినడానికి 320 చాలు’ అని మాత్రమే ఉంటే నాకు పేచీ లేదు.

దాచుకోవడం వేరే సంగతి. ఎంపీ3 నుంచి పోయింది తిరిగి రాదు. రేపు ఫోన్లో చోటు చాలక 128 కేబీపీఎస్ ఓపస్ అనే ఇంకో కుదింపు రకంలోకి మార్చాలనుకున్నారనుకోండి. ఎంపీ3 నుంచి మారిస్తే ఒకసారి చెక్కినదాన్ని మళ్లీ చెక్కినట్టు. ఫ్లాక్ నుంచి మారిస్తే ప్రతిసారీ సీడీ నుంచే మార్చినట్టు. ఉన్న ఎంపీ3లనే ఫ్లాక్‌గా మార్చేసి ‘లాస్‌లెస్ (ఏమీ పోనిది) అయింది’ అనుకునేవాళ్లకీ ఇదే జవాబు: సైజు పెరుగుతుంది, శబ్దం ఆ ఎంపీ3ది గానే ఉంటుంది.

కర్ణాటక సంగీతానికి ఎంపీ3తో ఇంకో చిక్కుంది. దీన్ని కొంచెం దగ్గరగా చూడాలి. ఒక కచేరీ సీడీలో 4వ ట్రాక్ తోడి రాగం ఆలాపన, 5వది కృతి, 6వది తనియావర్తనం (తని, అంటే మృదంగం వంటి తాళవాద్యాల వంతు) అనుకుందాం. వేదిక మీద ఎక్కడా ఆగలేదు, తంబూర మోగుతూనే ఉంది. సీడీ మీద ట్రాకు హద్దు ఒక గుర్తు మాత్రమే. సీడీలో సెకనుకు 75 సెక్టార్లు, ఒక్కో సెక్టారుకు 588 శాంపిళ్లు, కాబట్టి ట్రాకు నిడివి 588 లెక్కన ఉంటుంది. ఎంపీ3 ఫ్రేముకు 1,152 శాంపిళ్లు, అంటే సుమారు 26 మిల్లీసెకన్లు. ఈ రెండు లెక్కలూ సాధారణంగా కలవవు. అందుకని ఎన్‌కోడర్ చివరి ఫ్రేమును నిశ్శబ్దంతో నింపుతుంది, మొదట్లోనూ కొంత చేరుస్తుంది. ఎంత చేర్చిందో లేమ్ అనే ఎంపీ3 ఎన్‌కోడర్ ఫైలు మొదట్లోనే రాసిపెడుతుంది. దాన్ని చదివే ప్లేయర్ ఆ ముక్కను కోసేసి సాఫీగా వినిపిస్తుంది. చదవని ప్లేయర్లలో ఆలాపన కృతిలోకి జారే చోట తంబూర తెగుతుంది. కార్లలో వచ్చే స్టీరియోలు చాలావాటిలో వినిపించేది ఇదే. ఫ్లాక్‌లో ఎన్ని శాంపిళ్లు పెడితే అన్నే బయటికొస్తాయి.

ఇంక తక్కువ బిట్‌రేట్ల గురించి ఒక్క మాట. 128 కేబీపీఎస్ ఎంపీ3లో ఘటం, మోర్సింగ్ వినండి. దెబ్బ పడే ముందే సన్నని గరగర వినిపిస్తే అది ఎంపీ3 పద్ధతిలో ఉన్న దోషమే. ఫ్రేములో వచ్చిన పొరపాటు దెబ్బకు ముందున్న నిశ్శబ్దంలోకి కూడా పరుచుకుంటుంది. 320లో ఎన్‌కోడర్ దీన్ని చాలావరకు అదుపులో పెడుతుంది.

‘ఫ్లాక్ కూడా కుదింపే, అందులోనూ పోతుంది.’ ఇది పూర్తిగా తప్పు. ఫ్లాక్ వెనకటి శాంపిళ్లను చూసి తర్వాతిది ఎంత ఉంటుందో అంచనా వేస్తుంది, ఆ అంచనాకూ అసలుకూ ఉన్న తేడాను మాత్రమే రాసుకుంటుంది. విప్పేటప్పుడు అదే అంచనా వేసి తేడా కలిపితే అసలు శాంపిల్ తిరిగొస్తుంది. ఉజ్జాయింపుగా కాదు, బిట్టుకు బిట్టుగా. ఫ్లాక్ చేసేటప్పుడు ఎంచుకునే 0 నుంచి 8 వరకున్న లెవెళ్లు నాణ్యత మెట్లు కావు. 8 పెడితే ఎన్‌కోడింగ్‌కు ఎక్కువసేపు పడుతుంది, ఫైలు కాస్త చిన్నదవుతుంది, అంతే. మామూలుగా ఉండే 5ను అలాగే వదిలేయండి. అనుమానముంటే ఫ్లాక్‌ను తిరిగి వేవ్‌గా మార్చి, ఫూబార్2000 అనే ప్లేయర్‌లో రెండిటినీ బిట్లవారీగా పోల్చి చూసుకోండి.

పాత రేడియో రికార్డింగుల్లాంటి మోనో సీడీల దగ్గర ఫ్లాక్ ఎంత పొదుపో తెలుస్తుంది. రెండు ఛానెళ్లూ అచ్చంగా ఒకటే అయితే వాటి మధ్య తేడా సున్నా, ఆ సున్నాకు చోటు దాదాపు అక్కర్లేదు.

వేవ్‌తో శబ్దం పోదు, నిజమే. 70 నిమిషాల సీడీకి దాదాపు 740 ఎంబీ తింటుంది. ఫ్లాక్‌కు తరచుగా అందులో సగం, కొంచెం అటూ ఇటూ. చోటు కన్నా నాకు ముఖ్యమైనది ఇంకోటి. ఫ్లాక్ ఫైలులో అసలు శబ్దం తాలూకు ఎండీ5 చెక్‌సమ్ (డేటా మారిందో లేదో పట్టిచ్చే సంఖ్య) ఉంటుంది. పదేళ్ల తర్వాత హార్డ్‌డిస్కులో ఒక బిట్టు చెడినా టెస్ట్ చేస్తే పట్టుబడుతుంది. మామూలు వేవ్‌లో అలాంటి కాపలా లేదు. పైగా వేవ్‌లో పెట్టిన రాగం, తాళం, పక్కవాద్యాల పేర్లను చాలా ప్లేయర్లు చదవవు. ఐఫోన్ వాడేవాళ్లు ఏలాక్ (ఆపిల్ వాళ్ల ఫైలు రకం) పెట్టుకోవచ్చు, అదీ లాస్‌లెస్సే. ఫ్లాక్ నుంచి ఏలాక్‌కీ అటునుంచి ఇటూ ఎన్నిసార్లు మార్చినా ఏమీ పోదు.

24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. సీడీ మీద ఉన్నది 16 బిట్లు, 44.1. పెంచి రాస్తే వేవ్ ఫైలు మూడు రెట్లు దాటుతుంది, సంగీతం ఒక్క పిసరు కూడా పెరగదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ‘ఎర్రర్ రాలేదంటే సరిగ్గా వచ్చినట్టే’ అన్న మాట. డేటా సీడీలో ప్రతి 2,352 బైట్ల సెక్టారులో మన ఫైలుకు దక్కేది 2,048 మాత్రమే. మిగిలినదాంట్లో ముఖ్యభాగం తప్పులు పట్టడానికీ దిద్దడానికీ పోతుంది. ఆడియో సీడీలో ఆ 2,352 బైట్లూ సంగీతానికే. అడుగున ఇంకో దిద్దుబాటు పొర ఉంటుంది కానీ, గీత లోతుగా పడి అది కూడా చేతులెత్తేస్తే డ్రైవు చుట్టుపక్కల శాంపిళ్లను బట్టి ఊహించి పూడ్చేస్తుంది. తెర మీద ఏ సందేశమూ రాదు. రిప్ అయిపోయిందని టిక్కు పడుతుంది. ఆ పూడ్చిన చోటు మీరు ఎప్పుడో హెడ్‌ఫోన్లో విన్నప్పుడు చిటుక్కుమనొచ్చు, అప్పటికి సీడీ చెత్తబుట్టలోకి పోయి ఉంటుంది.

అందుకే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఒకటే కాదు. విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ, మ్యాక్‌లో ఎక్స్ఎల్‌డీ, లైనక్స్‌లో విప్పర్ వాడండి. ఇవి రిప్ చేసిన ట్రాకు చెక్‌సమ్‌ను ఆక్యురేట్‌రిప్ డేటాబేస్‌లో ఇతరుల ఫలితాలతో పోల్చి చూస్తాయి. వేరే ఊళ్లో, వేరే డ్రైవులో చదివిన వాళ్లకీ అదే చెక్‌సమ్ వచ్చిందంటే నిశ్చింతగా ఉండొచ్చు. మన చిన్న సంస్థల సీడీలు ఆ డేటాబేస్‌లో లేకపోవచ్చు. అప్పుడు ఆ సాఫ్ట్‌వేర్‌లోని టెస్ట్ అండ్ కాపీ పెట్టండి, ట్రాకును రెండుసార్లు చదివి రెండు సీఆర్‌సీలనూ (ఇవీ చెక్‌సమ్‌లే) లాగ్‌లో, అంటే రిప్ నివేదికలో, పక్కపక్కన చూపిస్తుంది. 6వ ట్రాకుకు టెస్ట్ సీఆర్‌సీ ఒకటి, కాపీ సీఆర్‌సీ ఇంకోటి ఉంటే ఆ తని సరిగ్గా రాలేదన్నమాట. మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు నిలువుగా తుడవండి, గుండ్రంగా వద్దు. మళ్లీ చదివించండి. అప్పటికీ కలవకపోతే ఇంకో డ్రైవులో ప్రయత్నించండి. ఒకే డ్రైవు ఒకే తప్పును రెండుసార్లూ ఒకేలా చదివే అవకాశం ఉంది కాబట్టి, ముఖ్యమైన సీడీలకు రెండో డ్రైవు సాక్ష్యం మంచిది. చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో యూఎస్‌బీ డీవీడీ డ్రైవు కోసం పెద్దగా వెతకక్కర్లేదు. స్పీడు బాగా తగ్గించి చదివితే చాలంటారు కొందరు. గీతలున్న సీడీకి అది సాయపడొచ్చు, కానీ సరిచూసుకోవడానికి అది బదులు కాదు.

వాల్యూమ్ సమం చేయడం అసలే వద్దు. మెల్లగా మొదలయ్యే ఆలాపనను తనియంత గట్టిగా లేపితే అది ఆ కచేరీ కాదు. సమం చేస్తే శాంపిళ్లే మారిపోతాయి, ఇక చెక్‌సమ్ దేనితోనూ కలవదు. రీప్లేగెయిన్ ట్యాగు (ఎంత వాల్యూమ్‌లో వినిపించాలో ప్లేయర్‌కు చెప్పే గుర్తు) ఆల్బమ్ పద్ధతిలో, అంటే సీడీ మొత్తానికి ఒకటే లెక్కగా, పెట్టుకోండి. శాంపిళ్లు చెక్కుచెదరవు, ప్లేయరే వాల్యూమ్ సర్దుకుంటుంది.

ఇక పారేయడం. వద్దు, కానీ ఇంట్లో ఉంచినా అన్నీ కలకాలం ఉండవు. సభలు, కుటుంబాలు కొద్ది సంఖ్యలో తీసినవి చాలామటుకు సీడీ-ఆర్‌లే (కంప్యూటర్‌లో రాసిన సీడీలు). చాలావాటికి కింది వైపు ఆకుపచ్చగానో నీలంగానో కనిపిస్తుంది. ఫ్యాక్టరీలో అచ్చువేసిన వెండిరంగు సీడీల కన్నా వీటి రంగుపొర త్వరగా పాడవుతుంది, మన చెన్నై ఎండా ఉక్కా దానికి మంచివి కావు. రిప్పింగ్ వీటితోనే మొదలుపెట్టండి. లోపలి పుస్తకాన్ని స్కాన్ చేసి ఆ ఫోల్డర్‌లోనే పెట్టండి. వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ఏ సభలో, ఏ తేదీన అన్నది చాలాసార్లు అక్కడ తప్ప ఇంకెక్కడా ఉండదు. ఫ్లాక్ ట్యాగులు (ఫైలులోనే రాసే వివరాలు) అన్ని లిపులూ పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలో ఉంటాయి, రాగం, తాళం, వాగ్గేయకారుడి పేరు తెలుగు లిపిలోనే రాసుకోవచ్చు. రిప్ లాగ్‌ను కూడా పక్కనే ఉంచండి. కారుకూ ఫోనుకూ కావలసిన ఎంపీ3లను ఆ ఫ్లాక్‌ల నుంచి లేమ్ వీ0 సెట్టింగులోనో వీ2 సెట్టింగులోనో ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోండి, చెడిపోతే మళ్లీ తీసుకోండి.