రాత నేర్పడానికి ఆ నాలుగు మెట్లు ఎందుకు?

ఉపాధ్యాయుల గ్రూపుల్లో, తల్లిదండ్రుల గ్రూపుల్లో ఈమధ్య ఒక సందేశం తెగ తిరుగుతోంది. పిల్లలకు తెలుగు రాయడం నేర్పాలంటే నాలుగు మెట్లట. ముందు గుండ్రటి దస్తూరి. తర్వాత ఒక్క అక్షరదోషమూ లేని రాత. ఆ తర్వాత సంధులు, సమాసాలు. ఈ మూడూ కుదిరాకే సొంతంగా రాయించడం. యాసలో రాస్తే మొదటిరోజే కొట్టేయాలట, పదో తరగతిలో మార్కులకు ఇదొక్కటే దారట. కింద దండాల బొమ్మలు.

పంపేవాళ్ళ బాధ అర్థమవుతుంది. ఆరో తరగతి నోటుపుస్తకాలు నాలుగు తిరగేస్తే ఎవరికైనా దిగులు పుడుతుంది. కానీ ఏది అవసరమో తేల్చడానికి నాకు తెలిసిన కొలత ఒకటే: ఏది లేకపోతే రాసినదాన్ని చదివి ప్రయోజనం ఉండదో అదే ముందు. ఒకరికి చెప్పవలసిన మాట ఉండడం, అది వాళ్ళకు అందేలా చెప్పడం. ఈ సందేశం దాన్నే నాలుగో మెట్టు మీదికి నెట్టింది. మన బడుల్లో చాలామంది అక్కడిదాకా ఎక్కకుండానే పది దాటేస్తారు.

దస్తూరి సంగతి త్వరగా తేల్చేద్దాం. చెయ్యి తిరగాలి, కాదనను. అక్షరం ఎలా గీయాలో ప్రతిసారీ తడుముకునే పిల్లకు చెప్పదలచుకున్నది మధ్యలోనే జారిపోతుంది. క్ష దగ్గరా జ్ఞ దగ్గరా కలం ఆగిపోయేవాళ్ళతో సాధన చేయించాల్సిందే. ఆ సాధన చెయ్యి ఆగకుండా సాగేదాకా, మరొకరు చదవగలిగేదాకా చాలు. ఏడో తరగతిలో కూడా కాపీరైటింగు పుస్తకాలు నింపిస్తున్నామంటే పీరియడు గడపడానికే.

ఇక తప్పులు. ఊరి గురించి రాయమంటే ఒక అబ్బాయి రాసింది ఇది: "మా ఊరు చాలా అందమైనది. మా ఊరిలో పచ్చని చెట్లు కలవు. మా ఊరి ప్రజలు కలిసిమెలిసి ఉందురు." ఒత్తులు, దీర్ఘాలు, చుక్కలు అన్నీ ఉన్నాయి. ఏ ఊరో మాత్రం తెలీదు. అదే తరగతిలో ఒక అమ్మాయి రాసింది: "మా వాడకట్టుల బోరింగు కరాబైంది. ఐదొద్దులాయె. అమ్మ నీల్లకి గుడి కాడికి పోతంది, నేను తమ్మున్ని వట్టుకోని ఇంట్ల ఉంట, అందుకె బడికి లేటైతంది."

సందేశం ప్రకారం మొదటివాడు రెండో మెట్టు ఎక్కేశాడు, ఈ పిల్ల కిందే ఉంది. ఆమె కాగితం మీద ఎర్ర ఇంకు పెడితే పది చోట్ల సున్నా చుట్టొచ్చు. కానీ ఈ నాలుగు ముక్కల్లో ఒక కారణం, ఒక ఫలితం, ఒక మనిషి కష్టం ఉన్నాయి. ఆమెను అడగాల్సినవి వేరే: ఇది ఎవరికి రాస్తున్నావు? సర్పంచికైతే ఏ వాడకట్టో ఆయనకు తెలియాలి కదా? ఆ బోరింగు మీద ఎన్ని ఇళ్ళు ఆధారపడ్డాయి? ఇవి కలిపి మళ్ళీ రాశాక, సర్పంచికి ఇచ్చే కాగితం కాబట్టి "నీల్లు" ఎలా రాయాలో తనే వచ్చి అడుగుతుంది. అప్పుడు దిద్దితే నిలుస్తుంది. తప్పులు దిద్దొద్దని నేననడం లేదు. మొదటి చిత్తుప్రతి మీద దిద్దొద్దంటున్నాను. తప్పు రాస్తే కొట్టేస్తారని తెలిసిన పిల్లలు తమకు స్పెల్లింగు వచ్చిన మాటలే ఏరుకుని రాస్తారు. పచ్చని చెట్లు పుట్టేది అలాగే.

మూడో మెట్టు వ్యాకరణం. బడికి రాని పిల్లాడు కూడా "ఇంకేముంది", "వాడెక్కడున్నాడు" అంటాడు. సంధి చెయ్యడం వాడి నోటికి ఎప్పుడో వచ్చు. దాన్ని విడదీసి పేరు పెట్టడం మంచి చదువే, పద్యాలు చదవడానికి కావాలి కూడా. దానివల్ల రాత బాగుపడుతుందనడానికే ఆధారం లేదు. అమెరికాలో స్టీవ్ గ్రాహం, డొలోరెస్ పెరిన్ 4 నుంచి 12 తరగతుల పిల్లల మీద జరిగిన ప్రయోగాలను 2007లో కలిపి లెక్కగట్టారు. విడిగా నేర్పిన వ్యాకరణం వల్ల రాత మెరుగుపడలేదు. రాసే పద్ధతిని అంచెలంచెలుగా నేర్పడం, చదివినదాన్ని కుదించి రాయించడం, చిన్న వాక్యాలను కలిపించడం పనిచేశాయి. అక్కడి లెక్క ఇంగ్లీషుది, మనకు అచ్చంగా అతకదు. అయినా వాక్యాలు కలపడానికి తెలుగంత అనువైన భాష ఇంకేం కావాలి?

"వాన కురిసింది. మేము ఆడాము." ఈ రెండూ ఇచ్చి కలపమనండి. వాన కురుస్తుంటే ఆడాం, వాన కురిశాక ఆడాం, వాన కురిసినా ఆడాం. ఒక్కోదానికీ కథ మారిపోతుంది. మూడోదాంట్లో పిల్లల మొండితనం కూడా కనిపిస్తుంది. పాఠ్యపుస్తకంలో క్త్వార్థకం (కురిసి), శత్రర్థకం (కురుస్తూ), చేదర్థకం (కురిస్తే), అప్యర్థకం (కురిసినా) అని బట్టీ పట్టించేది ఈ సామగ్రినే. రాతకు పనికొచ్చే వ్యాకరణం ఇక్కడుంది, మనం నిర్వచనాల దగ్గరే ఆగిపోతున్నాం.

యాసను కొట్టేయాలన్న మాట వినగానే నవ్వొచ్చింది. ఈ గొడవ వందేళ్ళ నాటిది. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు పోరాడింది బడిలో పిల్లలు ఏ తెలుగులో రాయాలన్నదాని మీద కూడా. గురజాడ 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రం తెలుగు కాంపోజిషను గురించే. వాళ్ళు గెలిచారు కాబట్టే ఆ సందేశం కూడా వాడుక తెలుగులో ఉంది! "పోతంది" అని రాసిన పిల్లకు పత్రికకు పంపేటప్పుడు "పోతోంది" అని రాయడం నేర్పుదాం. తమ్ముడికి రాసే ఉత్తరంలో "పోతంది"నే ఉండనిద్దాం. ఎవరికి రాస్తే ఏ తెలుగు వాడాలో ఎంచుకోవడమూ రాతలో భాగమే.

మిగిలింది మార్కులు. పేపర్లు దిద్దేవాళ్ళ కంటికి శుభ్రమైన రాత హాయిగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ పదేళ్ళకు పైగా మన తెలుగు వాచకాల్లో "వ్యక్తీకరణ–సృజనాత్మకత" అని ఒక భాగం ఉంది. లేఖ రాయమంటారు, సంభాషణ రాయమంటారు, కరపత్రం తయారుచేయమంటారు. వీటికి కూడా గైడు చూసి ఒకే జవాబు తరగతి మొత్తానికి రాయించి బట్టీ పెట్టిస్తున్నాం. పరీక్షలో కరపత్రం అంశం మారితే గుండ్రటి దస్తూరిలో ఖాళీ కాగితం వస్తుంది.

ఆరో తరగతికి ఏడాది లక్ష్యాలు రాయమంటే నేను మూడే రాస్తాను. తనకు తెలిసిన విషయాన్ని తెలియని మనిషికి అర్థమయ్యేలా ఒక పేజీ రాయగలగాలి. రాసినదాన్ని ఒకసారైనా మార్చి రాయాలి, అదీ ఎందుకు మార్చిందో చెప్పగలిగేలా. రెండు మూడు వాక్యాలను ఒక్కటిగా కలపగలగాలి. అక్షరదోషాలు మూడోసారి రాసేటప్పుడు, తనే గుర్తుపట్టి. సమాసాల పట్టిక ఎనిమిదో తరగతిదాకా ఆగినా నష్టం లేదు.