మత్తు మానేసి వచ్చిన పిల్లలకు బడిలో చోటేది?

మత్తు జోలికి వెళ్లొద్దని చెప్పే కార్యక్రమాలు బడుల్లో ఏటా జరుగుతూనే ఉంటాయి. ప్రతిజ్ఞ చేయిస్తారు, పోస్టర్లు వేయిస్తారు, ర్యాలీ తీస్తారు. వాటిని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. కానీ ఇప్పటికే ఆ అలవాటులో పడి, చికిత్స తీసుకుని, మానేసి మళ్లీ బడికి వచ్చే పిల్లల సంగతేంటని అడిగితే మాత్రం చాలా బడుల దగ్గర జవాబు ఉండదు. చేయి చాచి ప్రతిజ్ఞ చేస్తున్నవాళ్లలో అలాంటి పిల్లాడో పిల్లో ఒకరు ఉండొచ్చన్న ఆలోచన కూడా నిర్వాహకులకు రాదు. "ఒక్కసారి ముట్టుకుంటే జీవితం నాశనమే" అని వేదిక మీద నుంచి గట్టిగా చెబుతుంటే, నెలల తరబడి కష్టపడి మానేసి వచ్చిన ఆ పిల్లలకు అందులో ఏం వినిపిస్తుంది? నీ పని అయిపోయిందనే కదా.

చికిత్స కేంద్రంలో ఉన్నన్నాళ్లూ పిల్లల చేతికి మత్తు అందదు, పాత జట్టు కనిపించదు, పొద్దున లేచిన దగ్గర నుంచి రాత్రి పడుకునేదాకా ఎవరో ఒకరు పక్కనే ఉంటారు. బడికి తిరిగొచ్చిన రోజున ఇదంతా ఒక్కసారిగా తలకిందులవుతుంది. అదే బాత్రూమ్, గోడ వెనక అదే మూల, అదే వాట్సాప్ గ్రూప్, ఎక్కడికెళ్లావురా ఇన్నాళ్లూ అనే అవే మొహాలు, వీటికి తోడు పోయిన పాఠాల గుట్ట. నిద్ర సరిగా పట్టకపోవడం, చిన్నదానికే చిరాకు, దేని మీదా మనసు నిలవకపోవడం లాంటివి మానేసిన తర్వాత కూడా వారాల తరబడి ఉంటాయి. గంజాయి బాగా అలవాటైన పిల్లల్లో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత కుదుటపడటానికి టైమ్ పడుతుంది. పైగా తొందరపాటుకు కళ్లెం వేసే మెదడు ముందుభాగం ఎదగడం పూర్తయ్యేసరికి ఎవరికైనా పాతికేళ్లు వస్తాయి. ఈ స్థితిలో ఉన్న పిల్లాణ్ణి మొదటి వారమే యూనిట్ టెస్టుకు కూర్చోబెట్టి, మార్కులు తక్కువొచ్చాయని అందరి ముందు నిలబెడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. టైఫాయిడ్ తగ్గి వచ్చిన పిల్లకు ఇచ్చే వెసులుబాటే ఇక్కడా ఇవ్వాలి: కొన్ని వారాలు తక్కువ పీరియడ్లు, పరీక్షలు కాస్త వెనక్కి, పోయిన పాఠాల్లో ముఖ్యమైనవి మాత్రమే ముందు.

అన్నిటికన్నా ముఖ్యంగా ఒక మనిషి కావాలి. ఆ మనిషి కౌన్సెలరే కానక్కర్లేదు, చాలా బడుల్లో అసలు కౌన్సెలరే ఉండరు. పీఈటీ సారో, లైబ్రరీ మేడమో, ఆ పిల్ల ఎవరి దగ్గర భయం లేకుండా మాట్లాడగలదో వాళ్లే, ఎంపిక మాత్రం ఆ పిల్లదే అయ్యుండాలి. పొద్దున్నే రెండు నిమిషాలు పలకరించడం, మనసు లాగేస్తున్నప్పుడు కారణం చెప్పకుండానే క్లాసులోంచి లేచి వాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చునే అనుమతి, ఇంతే. మత్తు కావాలనిపించే ఉద్ధృతి చాలాసార్లు కొద్ది నిమిషాల్లోనే తగ్గుతుంది, ఆ నిమిషాల్లో పక్కన ఒక పెద్దమనిషి ఉన్నారా, బాత్రూమ్‌లో పాత స్నేహితుడు ఉన్నాడా అన్నదే తేడా.

ఇక స్టాఫ్ రూమ్. విషయం తెలియాల్సింది ఇద్దరు ముగ్గురికి, కానీ మధ్యాహ్నానికల్లా అటెండర్‌తో సహా అందరికీ తెలిసిపోతుంది. ఇది ఆగాలి. అమెరికాలో వ్యసన చికిత్స రికార్డులకు మామూలు వైద్య రికార్డులకన్నా కఠినమైన గోప్యత కల్పించే చట్టం 1970ల నుంచీ ఉంది, బయటపడుతుందన్న భయం ఉంటే జనం అసలు చికిత్సకే రారని గుర్తించి చేసిన చట్టం అది. చట్టం సంగతి ఎలా ఉన్నా, బడి తనంతట తాను పాటించగల నియమం ఒకటుంది: తోటి పిల్లలు అడిగితే ఏం చెప్పాలో ఆ పిల్లాడే నిర్ణయించుకుంటాడు, టీచర్లూ అదే మాట చెబుతారు, అంతకుమించి ఒక్క ముక్క కూడా చెప్పరు.

మళ్లీ మొదలుపెడితే ఏం చేయాలన్న ప్రశ్న దగ్గరే బడులు ఎక్కువగా తప్పు చేస్తున్నాయని మా అభిప్రాయం. చికిత్స తర్వాత తిరగబెట్టడం అరుదైన సంగతేమీ కాదు. అమెరికా జాతీయ మాదకద్రవ్య పరిశోధన సంస్థ లెక్కల ప్రకారం అది 40 నుంచి 60 శాతం మందిలో జరుగుతుంది, బీపీ, ఆస్తమా రోగుల్లో జబ్బు తిరగబెట్టే స్థాయి కూడా దాదాపు ఇంతే. ఆస్తమా మళ్లీ వచ్చిందని ఏ బడీ టీసీ ఇచ్చి పంపదు. మత్తు దగ్గర మాత్రం ఒక్కసారి పట్టుబడితే చాలు, గేటు బయటే. అలా బయటికెళ్లిన పిల్లలకు రోజంతా ఖాళీ, మిగిలేది పాత జట్టు ఒక్కటే. హెరాయిన్ లాంటివి వాడి మానేసినవాళ్ల విషయంలో ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. కొన్నాళ్లు దూరంగా ఉంటే శరీరం తట్టుకునే శక్తి తగ్గిపోతుంది, అంతకుముందు తీసుకున్న మోతాదే మళ్లీ తీసుకుంటే ప్రాణం పోవచ్చు. టీసీ ఇస్తారన్న భయంతో తప్పును దాచిపెట్టే పిల్లల గురించి మా ఆందోళన అందుకే. తనంతట తాను వచ్చి చెప్పినవాళ్లకు శిక్ష లేదని బడి ముందే స్పష్టంగా చెప్పాలి, అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. తోటి పిల్లలకు అమ్మితే అది వేరే విషయం, మిగతావాళ్లను కాపాడాల్సిన బాధ్యత బడికి ఉంది, అక్కడ మెతకగా ఉండమని మేము అనడం లేదు.

అమెరికాలో ఇలాంటి పిల్లల కోసమే ప్రత్యేకంగా నడిచే హైస్కూళ్లు ఉన్నాయి, మేరీలాండ్‌లో 1979లోనే ఒకటి మొదలైంది. చికిత్స తర్వాత వాటిలో చేరినవాళ్లనూ, మామూలు బడులకు వెళ్లినవాళ్లనూ వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు ఆండ్రూ ఫించ్ బృందం పోల్చి చూసింది. ఆరు నెలల తర్వాత అడిగితే మద్యం, గంజాయి, ఇతర మత్తు అన్నిటికీ దూరంగా ఉన్నామని చెప్పినవాళ్లు మొదటి రకం బడుల్లో 59 శాతం, మామూలు బడుల్లో 30 శాతం. ప్రతిచోటా అలాంటి బడి పెట్టడం కుదరదని మాకూ తెలుసు. కానీ ఆ బడుల్లో ఉన్నదేమిటి? మత్తు ముట్టని స్నేహితులు, తిరగబెడితే అరవకుండా పట్టుకునే పెద్దలు. సాయంత్రం ఆటల జట్టులోనో, నాటకం రిహార్సల్‌లోనో ఆ పిల్లాడికి కొత్తగా ఇద్దరు స్నేహితులు దొరికేలా చూడటం మామూలు బడికి కూడా సాధ్యమే.

ఆన్‌లైన్ గేముల వ్యసనం నుంచి బయటపడుతున్న పిల్లలదీ దాదాపు ఇదే కథ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల వర్గీకరణలో దాన్ని చేర్చింది. హోంవర్క్ ఫోన్‌లో పంపే బడులు ఈ పిల్లలకైనా దాన్ని కాగితం మీద ఇవ్వడం మొదలుపెట్టాలి.

అధికారులు రేపే చేయగలిగిన పని ఒకటుంది. చికిత్సలో గడిపిన రోజులను వైద్య సెలవుగా లెక్కించాలి, హాజరు చాలలేదని ఆ పిల్లలను పరీక్షకు ఆపకూడదు, సర్టిఫికెట్ మీద ఫలానా చికిత్స కేంద్రం పేరు లేకుండా డాక్టర్ సంతకం ఉంటే సరిపోవాలి. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు, ఒక్క ఉత్తర్వు చాలు, అది వచ్చే విద్యాసంవత్సరం మొదలయ్యేలోపే రావాలని మేము కోరుతున్నాం.