పదో రోజు సంగతేంటి?

వానకి తడిసి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వణుకుతున్న కుక్కపిల్లని చూస్తే ఎవరికైనా మనసాగదు, తువ్వాల్లో చుట్టి పైకి తెచ్చేస్తారు, ఫోటో తీసి స్టేటస్ పెట్టేస్తారు, పిల్లలైతే అప్పటికే పేరు కూడా పెట్టేసుంటారు. మంచిదే, విశాఖలో ఇలాంటి ఇళ్లు పెరగాలనే మా కోరిక కూడా. కానీ మేం అడిగేది పదో రోజు సంగతి. చెప్పులు కొరికేసి, రాత్రంతా ఏడ్చి, నానమ్మగారి పూజగది ముందు ఉచ్చ పోసేశాక కూడా అది ఆ ఇంట్లోనే ఉంటుందా?

కొన్నిళ్లల్లో ఉండట్లేదు. ఓ ఆదివారం పొద్దున్నే బండి మీద తీసుకెళ్లి బీచ్ రోడ్డులోనో రుషికొండ వైపో దింపేసి వచ్చేస్తారు, వీధిలో పుట్టిందే కదా బతికేస్తుందిలే అని. అంత ఈజీ కాదండీ. కుక్కలకి ఏరియాలుంటాయి, కొత్తది కనపడితే అక్కడి గుంపు తరిమి తరిమి కరుస్తుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన కుక్కని పట్టుకున్న చోటే వదలాలని 2023 ఏబీసీ రూల్స్‌లో, అంటే కుక్కల సంతాన నియంత్రణకి కేంద్రం తెచ్చిన నిబంధనల్లో, ఊరికే రాయలేదు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా వీధికుక్కల్ని దత్తత తీసుకోవచ్చు గానీ అవి మళ్లీ రోడ్డెక్కకుండా చూసే బాధ్యత తీసుకున్నవాళ్లదే అంది.

అందుకే ముందు ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి, ముఖ్యంగా పొద్దున్నే బయటికి ఎవరు తిప్పుతారో తేల్చుకోండి, ఎందుకంటే పిల్లల మాట వారం దాటదు, చివరికి ఆ డ్యూటీ అమ్మ మీదే పడుతుంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు వద్దంటే, పెంపుడు కుక్కల్ని నిషేధించే హక్కు వాళ్లకి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పిందని గుర్తుచేయండి, కాకపోతే లిఫ్ట్‌లో తడి చేస్తే తుడవాల్సింది మీరే.

తెచ్చిన రోజే డాక్టర్‌కి చూపించాలి. గోమార్లు, గజ్జి, నులిపురుగులు మామూలే, మందులున్నాయి. ఆరేడు వారాల పిల్లకి పార్వో, డిస్టెంపర్ అనే ప్రాణాంతక జబ్బులకి టీకాలు మొదలు, మూడో నెలలో రేబిస్, తర్వాత ఏటా. ఆటలో పన్ను దిగినా సరే 15 నిమిషాలు సబ్బుతో పారే నీళ్ల కింద కడిగి ఆస్పత్రికి వెళ్లాల్సిందే, పసుపు రాసి ఊరుకోకండి.

ఇక తిండి. ఫిషింగ్ హార్బర్‌లో చేపతలకాయలు తిని పెరిగినదానికి ఖరీదైన ప్యాకెట్ ఫుడ్ పెడితే వాసన చూసి మొహం తిప్పేస్తుంది, ముళ్లు తీసిన ఉడికించిన చేప అన్నంలో కలిపితే గిన్నె నాకేస్తుంది. ప్రేమ ఎక్కువై మిగిలిన బిర్యానీ మాత్రం పెట్టకండి, అందులో ఉల్లిపాయ ఉంటుంది, అది కుక్కలకి విషం, చాక్లెట్, ద్రాక్ష కూడా అంతే.

మొదటి వారం మంచం కిందే ఉంటానంటే ఉండనివ్వండి. లాగొద్దు, చుట్టాలని పిలిచి చూపించొద్దు. చీపురు చేతిలోకి తీసుకుంటే చాలు వణికిపోయే కుక్కలుంటాయి, దాన్ని ఎవరు ఎప్పుడు ఎలా కొట్టారో అది చెప్పలేదు కదా.

మన విశాఖ కార్పొరేషన్ జీవీఎంసీని కూడా ఒకటి అడుగుతున్నాం, దత్తత తీసుకున్నవాళ్లకి రిజిస్ట్రేషన్, రేబిస్ టీకా వార్డులోనే ఒకే రోజు అయిపోయేలా చూడండి, ఆఫీసుల చుట్టూ తిరగాలంటే ఎవరూ రారు.

ఇంకో మాట, దీపావళి దగ్గర్లో తేవాలనుకుంటే పండగయ్యాకే తెచ్చుకోండి. కొత్తగా వచ్చినదానికి మన వీధి దారే తెలీదు, టపాసుల మోతకి తెరిచున్న గేటులోంచి దూసుకుపోతే ఆ రాత్రి టార్చిలైట్ పట్టుకుని ఊరంతా వెతకాలి.