క్యూఆర్ కోడ్ సరే, ఫోనేదీ?

తొమ్మిదో తరగతి సైన్స్ పుస్తకంలో క్యూఆర్ కోడ్‌లు అచ్చేశారు. స్కాన్ చేస్తే ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక 'దీక్ష' పోర్టల్‌లో వీడియో వస్తుంది. బాగుంది. కానీ పిల్లలు బడికి ఫోన్ తేకూడదు! ఇక క్లాసుకి దిక్కు నా ఫోనే. పొద్దున్నే దానికి మొహం చూపించి నా హాజరు, తర్వాత పిల్లల హాజరు, ఆపైన మధ్యాహ్న భోజనం ఫొటోలు. గుడ్డు సరిగ్గా కనబడలేదని మళ్లీ ఇంకోటి. (ఒకప్పటి మరుగుదొడ్ల ఫొటోల సంగతి ఎత్తకండి.) ఇన్నయ్యాక వీడియో పెడితే గిరగిరా తిరిగే చక్రమే! డేటా ఖర్చు నా జేబులోంచే. అరచేయంత తెర మీదకి క్లాసు క్లాసంతా వంగి, ఒకరినొకరు తోసుకుంటుంటే వెనక బెంచీవాడు, "సార్, రీల్స్ అయితే టక్కున వస్తాయి కదా" అంటాడు. ఏం చెప్పను? సుద్దముక్క తీసుకుని బోర్డు మీద మొక్క కణం బొమ్మ వేస్తుంటే ఆఫీసు నుంచి ఫోను: "మాస్టారూ, ఫొటో సింక్ అవలేదు, మళ్లీ పెట్టండి."