దేవుడి క్లాసుకి వెయిటేజీ లేదట

చికాగో పడమటి శివార్లలో, నేపర్‌విల్ చుట్టుపక్కల, ఎనిమిదో తరగతి పిల్లవాడున్న తెలుగు ఇంట్లో బతుకమ్మకీ దీపావళికీ నడుమ ఇంకో పండుగ వస్తుంది. దాని పేరు ఓపెన్ హౌస్, అంటే హైస్కూళ్లు తలుపులు తెరిచి, చేరబోయే పిల్లలకీ తల్లిదండ్రులకీ బడి తిప్పి చూపించే రోజు. పబ్లిక్ హైస్కూలు బాగుంటుందన్న ఒకే కారణంతో తాహతుకి మించి ఇల్లు కొని, అందులో సింహభాగం బడులకే పోయే ఆస్తిపన్నును ఏటా మూలుగుతూ కట్టే మనిషి, ఆ బడిని పక్కన పెట్టి కాథలిక్ హైస్కూళ్లను పోల్చి చూడటానికి ఎక్సెల్ తెరిచే పర్వదినం అది. ఈ పోలికను శాస్త్రీయంగా ఎలా చేయాలో సాటి తల్లిదండ్రులకు తెలియజెప్పడం నా కర్తవ్యంగా భావిస్తున్నాను.

కాథలిక్ బడి మనకు కొత్త కాదు. తెలుగులో కాన్వెంటు అంటే సన్యాసినులుండే చోటని ఎవరికీ తోచదు, టై కట్టుకుని రైమ్స్ చెప్పే చోటని తోస్తుంది. ఫాదర్‌గారి బడిలో అప్లికేషన్ కోసం తెల్లవారకముందే వరుస కట్టిన నాన్నల నుదుట విభూతి రేఖలు చెదరకుండా ఉండేవి. క్రమశిక్షణ వాళ్లది, ఇంగ్లీషు వాళ్లది, మతం మాత్రం మనది అన్న ఒప్పందం మీద మూడు తరాలు చదువుకున్నాయి. కనుక ఇక్కడ తేల్చవలసినవి రెండే: ఏ బడిలో చదువు కఠినం, ఏ బడి ఫీజులో ఎంత తగ్గిస్తుంది.

కాఠిన్యాన్ని కొలవడానికి మొన్న ఒక ఓపెన్ హౌస్‌కి సకుటుంబంగా వెళ్లాము. మెడలో చారల టై, చేతిలో మ్యాపు ఉన్న పన్నెండో తరగతి కుర్రాడొకడు మమ్మల్ని తిప్పి చూపించాడు. ప్రతి గదిలోనూ గడియారం పైన శిలువ ఉంది. మా ఆవిడ ల్యాబులోని మైక్రోస్కోపులు చూస్తోంది, మావాడు కెఫెటేరియా వాసన వచ్చే దిక్కు చూస్తున్నాడు. ఏపీ కోర్సులు, అంటే హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో చెప్పే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ క్లాసులు ఎన్ని, ఏ తరగతి నుంచి అని నేను అడిగినవాటికి ఆ కుర్రాడు మర్యాదగా జవాబిచ్చి, థియాలజీ, అంటే దేవుడి గురించిన పాఠం, మాత్రం నాలుగేళ్లూ తప్పనిసరి అన్నాడు. దానికి ఆనర్స్ వెయిటేజీ, అంటే కష్టమైన క్లాసని గ్రేడుకి కలిపే అదనపు పాయింటు, ఉంటుందా బాబూ అని అడిగాను. లేదండీ, మామూలు క్లాసే అన్నాడు. మా వెనక ఉన్న ఇంకో తెలుగాయన పెన్ను ఆపి, "అయ్యో!" అన్నాడు.

ఆ "అయ్యో" వెనక గణితం ఉంది. చాలాచోట్ల ఏపీ క్లాసులో 'A' గ్రేడు వస్తే 5, మామూలు క్లాసులో వస్తే 4. అంటే నాలుగేళ్లు భగవంతుణ్ణి ఎంత శ్రద్ధగా చదివినా 4 దాటదు, ఆ గంట స్టాటిస్టిక్స్‌కి ఇస్తే 5 వస్తుంది. సృష్టికర్త వల్ల జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, పడిపోయే బడిని కఠినమైనదనాలా, నష్టదాయకమైనదనాలా అన్న మీమాంస మా కారులో ఇల్లు చేరేదాకా సాగింది.

ఇక రాయితీ సంగతి. చాలా కాథలిక్ హైస్కూళ్లు ఎనిమిదో తరగతిలో హెచ్.ఎస్.పి.టి. (హైస్కూల్ ప్లేస్‌మెంట్ టెస్ట్) అనే ప్రవేశపరీక్ష పెడతాయి. సుమారు రెండున్నర గంటల్లో 298 ప్రశ్నలు, అంటే ప్రశ్నకి అర నిమిషం. పర్సంటైల్ బాగా వస్తే, చేత్తో తడిమితే అక్షరాలు తగిలే మందపాటి కాగితం మీద ఒక ఉత్తరం వస్తుంది: మీవాడి ప్రతిభను గుర్తించి ఏటా ఇన్ని వేల డాలర్లు తగ్గిస్తున్నాము, గ్రేడ్లు నిలబెట్టుకోవాలి. అది చదవగానే నాకు మా ఊరి పి.ఆర్.ఓ. గారు గుర్తొచ్చారు. టెన్త్ ఫలితాలు వచ్చిన సాయంత్రమే ఒక కార్పొరేట్ కాలేజీ తరఫున మా అరుగు మీద కూర్చుని, మార్కుల వారీగా రాయితీ పట్టిక విప్పి, "మీవాడికని స్పెషల్‌గా మాట్లాడానండీ" అన్నారు. ఆయన ఆ వీధిలో అయిదిళ్లకు స్పెషల్‌గా మాట్లాడారని తరవాత తెలిసింది.

నా పరిశీలనలో తేలిన అప్రియసత్యం ఏమిటంటే, సీటుకి పదిమంది ఎగబడే బడి ప్రతిభకి పైసా తగ్గించనక్కర్లేదు, ఇచ్చేది ఉంటే అవసరాన్ని బట్టి ఇస్తుంది. మార్కులున్న పిల్లలు కావలసిన బడే ఉత్తరం రాస్తుంది. అంటే ఆ మందపాటి కాగితం మావాడి విలువను కాక, బడి అవసరాన్ని తెలియజేస్తోందన్నమాట. ఈ సంగతి వారాంతపు విందుల్లో ఎవరూ ఎత్తరాదు.

అవసరాన్ని బట్టి ఇచ్చే సాయానికి చాలాచోట్ల ఫ్యాక్ట్స్ అనే సంస్థ ఫారం నింపాలి. జీతం, పన్ను కాగితాలు, అన్నీ అడుగుతుంది. పేరులోనే వాస్తవాలున్నాయి కనుక మనవాళ్లు ఆ జోలికి పోరు. మనకి కావలసింది సాయం కాదు, గుర్తింపు; అదీ డాలర్లలో.

అసలు ఫీజే లేని బడి కూడా ఉంది. న్యూయార్కులో జెస్యూట్లు అనే కాథలిక్ సన్యాసుల సంఘం వాళ్లు 1914 నుంచి నడుపుతున్న రీజిస్ హైస్కూలులో, ఆ నగర మాజీ మేయరు భార్య ఇచ్చిన ధనంతో మొదలైన ఆ బడిలో, చేరినవాళ్లందరికీ చదువు ఉచితం. కాకపోతే బాప్తిజం పొందిన కాథలిక్ మగపిల్లలకే ప్రవేశం. మావాడికి అన్నప్రాసన, పుట్టువెంట్రుకలు, అక్షరాభ్యాసం, ఉపనయనం సక్రమంగా జరిగాయి. ఆ ఒక్కటే తక్కువ. చికాగోలోనే 1996లో మొదలైన క్రిస్టో రే బడిలో పిల్లలు నెలకి అయిదు రోజులు ఆఫీసుల్లో పనిచేసి తమ ఫీజులో చాలా భాగం తామే సంపాదించుకుంటారు. అక్కడ చేరాలంటే ఆదాయం తక్కువుండాలి. ఈ అనర్హతను మావాడికి కలిగించింది నేనే. జెస్యూట్లు 1548లో ఇటలీలోని మెస్సీనాలో తొలి బడి తెరిచినప్పుడు ఫీజన్న మాటే లేదు. అమెరికాలో వసూలు చేసుకోవడానికి రోము నుంచి అనుమతి 1833లో వచ్చింది. నూట తొంభై ఏళ్లు ఆలస్యంగా పుట్టామని మా ఆవిడ అభిప్రాయం.

చివరికి శాస్త్రాన్ని పక్కన పెట్టి ఒక బడి అడ్మిషన్ల ఆవిడకి ఫోను చేసి, పక్క బడివాళ్లు రెండు వేలు ఎక్కువ తగ్గిస్తామన్నారని విన్నవించాను. ఆవిడ ఎంతో ప్రేమగా, తగ్గించడం కుదరదనీ, మా కుటుంబం సరైన నిర్ణయం తీసుకోవాలని ప్రార్థిస్తాననీ అంది. ఎక్సెల్‌లో ఆ బడి ఎదురుగా ప్రార్థన అని ఒక గడి కలిపాను. అందులో ఎంత వేయాలో తెలియక ప్రస్తుతానికి ఖాళీగా వదిలాను.