సవరణ: పాజిటివ్ అంటే క్యాన్సర్ అని కాదు

30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ఉచితంగా స్క్రీనింగ్ చేస్తారని కిందటి పోస్టులో రాశాను. అందులో "పాజిటివ్ వస్తే పెద్దాసుపత్రికి వెళ్లాలి" అన్న మాట చదివి కొందరు క్యాన్సర్ ఖాయమనుకున్నారు. ఆ వాక్యం ఇకపై ఇలా ఉంటుంది: "పాజిటివ్ వస్తే ఇంకో పరీక్ష అవసరం."

గర్భాశయ ముఖద్వార స్క్రీనింగ్‌లో అక్కడ పలచటి ఎసిటిక్ యాసిడ్ (వెనిగర్‌లో ఉండేదే) రాసి, కాస్త ఆగి చూస్తారు. తెల్లమచ్చ తేలితే అది వాపో ఇన్ఫెక్షనో కావచ్చు, క్యాన్సర్‌గా మారడానికి ఏళ్లు పట్టే ముందుదశ కూడా కావచ్చు. ఆ దశలోనే చికిత్స చేస్తే చాలావరకు క్యాన్సర్ రాకుండా ఆపవచ్చు. ఏదన్నది తేల్చేవి కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో చూడటం), బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం). టెన్షన్‌తో ఆ రెండో పరీక్ష మానేస్తారేమోనన్నదే నా భయం.

ఇంకొకటి కూడా చేర్చాను. పొగాకు అనగానే గుట్కా, ఖైనీలే గుర్తొస్తాయి. ఉత్తరాంధ్ర తీరంలో కొందరు ఆడవాళ్లు చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని కాలుస్తారు. ఈ అడ్డపొగ వల్ల అంగిలికి క్యాన్సర్ రావచ్చు. ఇంట్లో అలా కాల్చే అమ్మమ్మ ఉంటే ముందు ఆమె నోరు చూపించండి. స్క్రీనింగ్ తర్వాతి పరీక్షలకు విశాఖ అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి.