నీళ్ళు బాగా తాగమనే సలహా గారికి

మహారాజశ్రీ 'నీళ్ళు బాగా తాగు' సలహా గారికి,

హనుమకొండ నుంచి ఒక డయాలసిస్ పేషెంటు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, ఈ ఎండల్లో కుశలంగా ఉన్నది మీరొక్కరే. పేపర్లో మీరే, వాట్సాప్‌లో మీరే, చౌరస్తాలో చలివేంద్రం బ్యానర్ మీద నాయకుడి ఫొటో పక్కన కూడా మీరే.

నిన్న నర్సంపేటలో మా బావ గృహప్రవేశం. నాకంటే ముందే వచ్చి కూర్చున్నారు మీరు. గడపలోనే నీళ్ళ చెంబు, అది దాటితే రస్నా, అదీ దాటితే కొబ్బరి బోండం. నేను వద్దన్నప్పుడల్లా ఒక్కొక్కరి నోట్లోంచి మీరు బయటికొచ్చారు. "నీళ్ళు తాగకనే నీ కిడ్నీలు ఖరాబైనయి" అన్నాడొక పెద్దమనిషి. షుగరూ బీపీ కలిసి చేసిన పని నా చెంబు మీదికి నెట్టేశాడు. ఇంకొకాయన తమ్ముడికి రాళ్ళు పడితే రోజుకు నాలుగు లీటర్లు తాగాడట, అన్నీ కొట్టుకుపోయాయట. చాలా సంతోషం. రాళ్ళ కేసుల్లో మీరు దేవుడే, కాదనను. బాగున్న కిడ్నీలు రోజుకు దాదాపు 180 లీటర్లు వడపోసి, అందులో లీటరున్నర దాకా బయటికి పంపిస్తాయి. వాటికి మీరు ఎంత చెప్పినా చెల్లుతుంది. నావి పంపడం మానేశాయి.

అందుకే మీ మీద నాకు ఒకే ఒక్క కంప్లైంటు. ఇంత పెద్ద సలహా చెప్పేముందు "నీకు ఒంటేలు వస్తుందా?" అని ఎవరితోనూ ఎందుకు అడిగించరు? నలుగురిలో అడిగే ప్రశ్న కాదంటారా? జీతమెంత, పెళ్ళెందుకు కాలేదు, పిల్లలెప్పుడు అని బంతిలో కూర్చోబెట్టి అడిగే జనం మనవాళ్ళు. దీనికి మాత్రం సిగ్గొచ్చిందా?

కాకతీయులు పాకాల, రామప్ప, లక్నవరం తవ్వించిన నేల ఇది. చెరువు నిండితే మత్తడి దుంకాలని, మత్తడి పూడితే కట్ట తెగుతుందని ఇక్కడ చిన్న పిల్లవాడికి కూడా తెలుసు. మత్తడి లేని చెరువులోకి కాలువ తిప్పుతానని ఎవడైనా అంటే ఊరంతా కలిసి తంతుంది. నా ఒంట్లోకి తిప్పుతుంటే మాత్రం ఊరంతా కలిసి చెంబులు అందిస్తుంది. చెరువుల పూడిక తీయడానికి 2015లో మిషన్ కాకతీయ వచ్చింది. నాకు దొరికింది ఇంకో రకం మిషన్, కిడ్నీల బదులు రక్తం వడపోసే డయాలసిస్ మిషన్. వారానికి మూడుసార్లు, పోయినప్పుడల్లా నాలుగు గంటలు, చేతికి రెండు సూదులు.

నాకు డాక్టర్ రాసిచ్చింది రోజుకు 800 మిల్లీలీటర్లు. (జబ్బు మొదట్లో ఉన్న చాలామందికి ఈ కట్టడే ఉండదు. ఎవరి లెక్క వాళ్ళ డాక్టర్ చెప్పాల్సిందే, నాది పట్టుకుని ఇంకెవరికీ చెప్పకండి, అసలే మీకు ఆ అలవాటుంది.) ఆ 800లోనే ఛాయ్, సల్ల, అంబలి, ఐస్ ముక్క, మాత్రలు మింగే గుక్కలు. పొద్దున బాటిల్‌లో కొలిచి పెట్టుకుంటాను. ఛాయ్ తాగితే అంత నీళ్ళు బాటిల్‌లోంచి మొక్కకు పోస్తాను. మా మందార చెట్టు నాకంటే బాగుంది.

ఈ సంగతులన్నీ మా పెద్దమ్మకు మొదటినుంచీ చివరిదాకా చెప్పాను. అంతా విన్నది. "అయ్యో బిడ్డా" అన్నది. ముందున్న గ్లాసు తీసేసింది. తీసేసి, పేషెంటువి, తేలిగ్గా తినాలె అని అన్నం మీద పచ్చిపులుసు పోసింది. ఒక గంటె, ఇంకో గంటె. విస్తరి అంచు దాటి పారుతుంటే అరచేతిని అడ్డం పెట్టి మరీ ఇంకో గంటె. ఉల్లిగడ్డ ముక్కలు అందులో ఈదుతున్నాయి. గ్లాసులో పోస్తేనే నీళ్ళు, గంటెతో పోస్తే కూర అని వాళ్ళకు నేర్పించింది మీరే కదా? పక్కనే మామిడికాయ తొక్కు. దాని ఉప్పు నాలుక మీద పడితే ఆ సాయంత్రమంతా దాహం ఆపడం ఎవరి తరం?

ఎండకు నాలుక పిడచకట్టుకుపోతుంటే పెరట్లోకి పోయి నోరు పుక్కిలించి ఊశాను. మాకు డయాలసిస్ సెంటర్లో నేర్పించే చిట్కానే. మేనత్త చూసింది. "మా ఇంటి నీళ్ళు గంత చేదైనయా?" మధ్యాహ్నం మొత్తం ఆమెను బుజ్జగించడానికే సరిపోయింది. ఇల్లు చూడనే లేదు. దేవుడి గది ఎటువైపు ఉందో ఇప్పటికీ తెలియదు.

కొబ్బరి బోండానికి ఒక్క మాట. అందులో పొటాషియం ఉంటుంది, బయటికి పోయే దారి లేకపోతే అది పోయి గుండె లయ చెడగొడుతుంది, ఆపేసినా ఆపేస్తుంది. చలువ చేస్తుందని చేతిలో పెట్టేవాళ్ళకు ఇది చెప్పండి.

ఇక మర్యాద చాలు. నువ్వు "రెండు గుక్కలకు ఏమైతది" అంటావే, ఏమైతదో విను. లీటరు నీళ్ళంటే కిలో బరువు. ఆ కిలో మీద కిలో చేరితే రాత్రి పడుకోగానే ఊపిరాడదు. దిండు మీద దిండు వేసుకుని కూర్చుని తెల్లవారుస్తాం. పొద్దున సెంటర్లో బరువు తూచే కాటా ఎక్కితే సిస్టర్ నంబరు చూసి నా మొహం చూస్తుంది. రెండు రోజులు చేరినదంతా ఆ నాలుగు గంటల్లో లాగెయ్యాలి. లాగుతుంటే పిక్కలు పట్టేస్తాయి, రాయి అయిపోతాయి, బీపీ పడిపోయి కళ్ళ ముందు చీకటి. అప్పుడు నువ్వెక్కడుంటావు? నువ్వుండవు. పక్క బెడ్డు మీది ముసలాయన "గట్టిగ పట్టుకో కొడుకా" అని తన చెయ్యి ఇస్తాడు. ఆయన చేతికీ సూదులే.

వచ్చే వారం పరకాలలో పెళ్ళి. నువ్వు రాకుండా ఉండవు, నాకు తెలుసు. రా. కానీ నా దగ్గరికొచ్చే ముందు ఆ ఒక్క ప్రశ్న అడిగించు. బంతి మధ్యలో అడిగినా సరే, మైకులో అడిగినా సరే, జవాబు చెప్తాను.

ఇట్లు,
800లో పొద్దున్నే 350 ఖర్చయిపోయి, సాయంత్రం ఛాయ్ ఇంకా తాగని ఒకడు